అమెరికా పొగాకు కోటాల పూర్వోత్తరములు

గుంటూరు, ప్రకాశం జిల్లాలలో వర్జీనియా పొగాకు పండించు రైతునకు అమెరికాతోడి చుట్టరికము నేటిది కాదు. ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంటు కంపెనీ వారు గత శతాబ్దపు తొలి దశకములలో ఆ దేశపు రకములను, ఆ దేశపు బ్యారనును, ఇనుప గొట్టముల వేడిమితో పచ్చి ఆకును పసుపువన్నెకు తెచ్చు విద్యను కృష్ణానదికి దక్షిణమున ప్రవేశపెట్టినది మొదలు, ఉత్తర కరోలినాలోని రైతును ఒంగోలు రైతును ఒకే పంటకు చాకిరి చేసిన దూరపు దాయాదులు. ఆకు కోయు రెలుపు పనికి కూలీలు దొరకని చింత, బ్యారను మంట తగ్గునో హెచ్చునో యని రాత్రులు మేలుకొనుట, వేలపు దినమున కొనుగోలుదారుని ముఖకవళికలను చదువుట ఇరువురకును సమానమే. అయితే మన టొబాకో బోర్డు 1976లో గుంటూరున ఏర్పడి, ఎవరెంత పండింపవలెనో నిర్ణయించుటకు పూనుకొనుటకు దాదాపు నలుబదియేండ్లకు ముందే, అచ్చటి ప్రభుత్వము ఆ పని చేసియుండెను; దానిని ఇంచుమించు డెబ్బదియేండ్లు నడపి, 2004లో ఒక్క చట్టముతో చాలించెను. ఆ నడపుట, చాలించుట అను రెండింటిలోను ఎవరు బాగుపడిరి, ఎవరు తొలగిపోయిరి యను ప్రశ్న వ్యవసాయ సబ్సిడీలను సంస్కరింపవలెనని తలచు దేశములన్నిటికిని పనికివచ్చునది.

సబ్సిడీ యనగా మనకు స్ఫురించునది ఎరువుల బస్తాపై తగ్గింపు ధర, పంపుసెట్టునకు ఉచిత విద్యుత్తు, లేక బ్యాంకు బాకీ మాఫీ. పొగాకు విషయమున అమెరికా రైతునకు ముఖ్యముగా లభించినది నగదు కాదు. పండించి అమ్ముకొనుటకు అనుమతి. ఆ అనుమతి లేనివారు అమ్మిన ఆకుపై భారమైన దండుగ పడును గనుక, అనుమతి గలవారి ఆకుకు ధర నిలిచెడిది. తక్కిన కథ యంతయు ఈ అనుమతి క్రమక్రమముగా ఆస్తిగా మారిన వైనము.

ఇట్టి కట్టుబాటు ఏల అవసరమయ్యెనో తెలియుటకు ఇంకొక ముప్పది యేండ్లు వెనుకకు పోవలెను. ఇరువదవ శతాబ్దారంభమున జేమ్స్ బుకానన్ డ్యూక్ నడపిన అమెరికన్ టొబాకో కంపెనీ దేశములోని సిగరెట్టు వ్యాపారమును దాదాపు పూర్తిగా తన గుప్పిట నుంచుకొనియుండెను. ఎదురు లేని కొనుగోలుదారుడు చెప్పినదే ధర. పశ్చిమ కెంటకీ, దాని నంటిన టెన్నెసీ ప్రాంతములలో నల్లరకపు ఆకు పండించు రైతులు సంఘము కట్టి ఆకు అమ్మక బిగబట్టిరి. సంఘములో చేరని తోడి రైతుల నారుమళ్లను ముసుగులు ధరించి రాత్రివేళ త్రవ్విపోసిన వారును వారిలోనివారే. 1907 డిసెంబరులో ఆ ముసుగు రౌతులు హాప్కిన్స్‌విల్ పట్టణముపై పడి గోదాములను కాల్చివేసిరి. 1911లో సుప్రీంకోర్టు ఆ మహా కంపెనీని ముక్కలు చేయించినను, ముక్కలైన కంపెనీలు కొద్దియే గనుక రైతు స్థితి పెద్దగా మారలేదు. మొదటి ప్రపంచయుద్ధానంతరము 1919లో పౌండునకు 40 సెంట్లు దాటి పలికిన వర్జీనియా రకపు ఆకు 1931 నాటికి 8 సెంట్లకు దిగజారెను. ఎక్కువ పండించిన కొలది ధర తగ్గును. ధర తగ్గిన కొలది అప్పు తీర్చుటకు రైతు మరింత పండించును. ఒక్కొక్క రైతునకు తెలివైనదిగా తోచు పని రైతులందరును చేసినచో వినాశహేతు వగుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

1933 మే నెలలో రూజ్‌వెల్టు ప్రభుత్వము వ్యవసాయ సర్దుబాటు చట్టమును తెచ్చి, విస్తీర్ణము తగ్గించిన రైతునకు ప్రతిఫలము చెల్లింపనారంభించెను. ప్రత్తి మొక్కలను మొలిచిన చేలలోనే దున్నివేయించిన వేసవి అది. పొగాకు రైతులు ఆ యేటి వేలములలో ధర పడిపోవుట చూచి ఉత్తర కరోలినా రాజధాని రాలీ నగరమున గుమిగూడి మొరపెట్టుకొనగా, గవర్నరు ఎరింగ్‌హౌస్ సెప్టెంబరు మొదట వేలపు గోదాములనే మూయించెను. మార్కెట్లు మూసియున్న ఆ కొలది వారములలో అధికారులు ఇంటింటికి తిరిగి, వచ్చు యేడు తక్కువ నాటుదుమని రైతులచేత ఒడంబడికలు వ్రాయించుకొనిరి. మరుసటి వేసవిలో కెర్-స్మిత్ చట్టము వచ్చి, కేటాయింపునకు మించి అమ్మిన ఆకుపై విలువలో మూడవ వంతు వరకు పన్ను విధించెను. 1934లో పౌండు ధర 27 సెంట్లకు చేరెను. మూడేండ్లలో ధర మూడు రెట్లు మించుట కరోలినా పల్లెలలో ఎట్టి విశ్వాసము పుట్టించియుండునో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ విశ్వాసము దృఢమైనది అనుభవముచేతనే కాని ఉపన్యాసములచేత కాదు. 1936 జనవరిలో సుప్రీంకోర్టు మొదటి చట్టమును కొట్టివేసెను. 1938లో వచ్చిన రెండవ చట్టము ఒక విచిత్రమైన నియమమును పెట్టినది: అమ్మకపు కోటా అమలు కావలెనన్నచో ఆ పంట పండించువారిలో మూడింట రెండు వంతులు ఓటు వేసి సమ్మతింపవలెను. శాసనసభ ఎన్నికలలో ఓటు వేయనీయని దక్షిణాది నల్లజాతి రైతులును, కోరుకు చేయు పేదలును ఈ ఓటులో పాల్గొనిరనుట గమనింపదగినది. 1938 డిసెంబరున జరిగిన ఓటులో వర్జీనియా రకపు రైతులు, ధర బాగున్నది గదా, కట్టుబాటేల యని తలచిరో ఏమో, కావలసిన మెజారిటీ నీయలేదు. 1939లో చేలన్నియు పొగాకుతో నిండిపోయెను. పంట వంద కోట్ల పౌండ్లను మించిపోయెను. సరిగా ఆ సెప్టెంబరులోనే ఐరోపాలో యుద్ధము మొదలై, డాలర్లను ఆయుధములకై దాచుకొనవలసివచ్చిన బ్రిటిషు వారి ఇంపీరియల్ కంపెనీ కొనుగోలుదారులు వేలముల నుండి వైదొలగిరి. గోదాములు మూతపడినవి. అక్టోబరులో మరల ఓటు పెట్టగా రైతులు అత్యధిక సంఖ్యలో కోటాకు తలయొగ్గిరి. ప్రభుత్వపు సరుకుల ఋణ సంస్థ బ్రిటిషు వారి తరఫున ఆకును కొని నిలువచేయుటకు పూనుకొనెను. అటుపిమ్మట తరములపాటు వర్జీనియా రకపు రైతు కోటాను వలదనుటకు సాహసింపలేదు.

ఈ ఏర్పాటు వేలపు గోదాములో ఎట్లు నడచెడిదో కొంత నిదానముగా చూడవలెను. విశాలమైన షెడ్డు నేలపై ఆకు రాసులు బారులుగా పేర్చియుండెడివి. ప్రభుత్వపు గ్రేడరు ముందుగా వచ్చి ప్రతి రాసిని చూచి, రంగు, మందము, పరిపక్వతలను బట్టి గ్రేడు వ్రాసిపెట్టును. ఆ గ్రేడునకు ఆ సంవత్సరపు మద్దతు ధర ఇంతయని పట్టికలో నుండును. పిమ్మట వేలము పాడువాడు, తెలియనివారికి మంత్రోచ్చారణమువలె తోచు గుక్కతిప్పని పాటతో బారు వెంట నడచిపోవుచుండగా, కంపెనీల మనుషులు వ్రేలు కదల్చియో కనుబొమ్మ లెత్తియో పాట హెచ్చించుచు వెంట నడచెదరు. ఏ రాసికైనను మద్దతు ధరపై ఒక్క సెంటైనను హెచ్చు పలుకనిచో ఆ రాసి సహకార సంఘమునకు పోవును. సంఘము ప్రభుత్వపు అప్పుతో రైతునకు అప్పటికప్పుడే సొమ్ము చెల్లించి, ఆకును ఆరబెట్టి పీపాలలో నిలువచేసి, మంచి ధర వచ్చినపుడు అమ్మి అప్పు తీర్చును. వర్జీనియా రకమునకు 1946లో రాలీలో స్థాపితమైన సంఘమును, కెంటకీ బర్లీ రకమునకు 1921 నాటి లెగ్జింగ్టన్ సంఘమును ఈ పని చేసినవి. కంపెనీ మనిషి కనుబొమ్మ ఎత్తకున్నను రైతు ఉట్టిచేతులతో ఇంటికి పోడు. ఆ ధైర్యమే బ్యాంకువానికిని చాలును. కోటా కాగితము చూపిన రైతునకు వసంతములో అప్పు పుట్టెడిది.

కేటాయింపు మనిషికి గాక భూమికి చెందెను. పథకము మొదలైనపుడు పొగాకు పండించుచున్న కమతము పేరిట అది నమోదైనది. భూమి అమ్మినచో దానితో పోవును, వారసునికి దానితో సంక్రమించును, కౌంటీ యను జిల్లా సరిహద్దు దాటదు. బర్లీ ప్రాంతములో చిన్నవారి కేటాయింపును అర ఎకరమునకు లోపుగా కోయరాదను రక్షణ కూడ ఉండుటచేత, కెంటకీ, టెన్నెసీ కొండవాలులలో అర ఎకరపు పొగాకు మడులు వేలకు వేలుగా నిలిచిపోయినవి. అంత చిన్న మడిపై కుటుంబము బ్రదుకదు, నిజమే. కాని కాండముతో సహా కోసి, కర్రలకు గ్రుచ్చి, ఎత్తయిన నల్లని బ్యారనులలో గాలికి ఆరబెట్టిన ఆకును చలికాలములో ఒలిచి, క్రిస్మసునకు కొంచెము ముందుగా అమ్మగా వచ్చిన సొమ్ము భూమి పన్నునకు, పిల్లల చెప్పులకు, బ్యాంకు వాయిదాకు సరిపోయెడిది. తక్కిన సంవత్సరమంతయు గనిలోనో మిల్లులోనో పనిచేయుచు, నాలుగావులను మేపుకొనుచు వారు ఊరు విడువక బ్రదికిరి. దేశమంతట కమతములు పెరిగి రైతులు తరిగిపోవుచున్న కాలములో ఇచ్చట చిన్న కమతము నిలుచుట ప్రకృతి ధర్మము కాదు, చట్టము కన్న బిడ్డ. 1954లో పొగాకు పండించు కమతములు అమెరికాలో ఐదు లక్షలకు పైగా ఉండెను.

అయితే భూమి లేనివాని మాట? ప్రత్తి నేలలలో విస్తీర్ణపు తగ్గింపునకు వచ్చిన ప్రతిఫలమును భూస్వాములు తామే పుచ్చుకొని కోరుదారులను వెళ్లగొట్టగా, 1934 జూలైలో ఆర్కాన్సాస్‌లోని టైరొంజా గ్రామమున తెల్లవారును నల్లవారును కలిసి దక్షిణాది కౌలుదారుల సంఘమును స్థాపింపవలసివచ్చినది. పొగాకు నేలలలో ఆ వేటు అంత త్వరగా పడలేదు. నారు నాటుట మొదలు తలలు త్రుంచుట, పిలకలు తీయుట, పొరలు పొరలుగా ఆకు రెలుచుట వరకు చేతిపనియే గనుక మనిషి లేనిదే పంట లేదు. 1970 ప్రాంతమున ఆకు కోయు యంత్రమును, ఆకును మూకుమ్మడిగా పెట్టెలలో ఆరబెట్టు లోహపు బ్యారనును వ్యాపించిన పిదప ఆ అవసరము తీరినది, కోరుదారుడును తీరిపోయెను. అనుమతి భూస్వామి పేరిట ఉన్నందున కోరుదారుడు వెళ్లునపుడు చేతిలో కాగితమేదియు లేకయే వెళ్లెను. వారిలో నల్లవారి పాలు ఎక్కువ.

ప్రభుత్వము మొదట ఎకరములను కొలిచినది. రైతు ఆ కొలతలోని లోపమును కనుగొనుటకు ఎంతో కాలము పట్టలేదు. ఎకరములు తగ్గించినకొలది మొక్కలను దగ్గరగా నాటి, నత్రజని కుమ్మరించి, మంచి నేలలోనే పొగాకు పెట్టి దిగుబడి పెంచెను. వర్జీనియా రకపు ఎకరపు దిగుబడి 1930 దశకములో వేయి పౌండ్లకు లోపుగా నుండగా 1964 నాటికి రెండు వేల పౌండ్లు దాటెను. ఆకు పలుచనై వాసన తగ్గినదని కొనుగోలుదారులు సణిగిరి, సహకార సంఘపు గోదాములలో సరుకు పేరుకొనిపోయెను. 1965లో వర్జీనియా రకమునకు, 1971లో బర్లీకి, ఎకరముల స్థానమున పౌండ్ల లెక్క వచ్చెను. ఆ కాలముననే అనుమతికి నేలతోడి బంధమును వదులైనది. ఒకరి పౌండ్లను ఇంకొకరు కౌలుకు తీసుకొని తమ చేలో పండింపవచ్చునని చట్టము సమ్మతించెను. వయసు మళ్లిన వితంతువు, పట్టణములో స్థిరపడిన వకీలు, తాతగారి కమతమును ఎన్నడును చూడని మనుమడు ఇంట కూర్చుండి పౌండు కింతయని కౌలు పుచ్చుకొనసాగిరి. మట్టిలో దిగినవాడు ఎరువునకు, కూలికి, ఇంధనమునకు ముందే ఆ కౌలును లెక్కకట్టవలసివచ్చినది. చివరి దశాబ్దములలో కొన్ని కౌంటీలలో ఆ కౌలు పౌండునకు అర డాలరు వరకు పోయెను. కొండపి, కందుకూరు ప్రాంతములలో బ్యారను లైసెన్సును కౌలునకిచ్చు వారిని, పుచ్చుకొను వారిని ఎరిగిన పాఠకునికి ఇందులో ఆశ్చర్యపడవలసిన దేమియు లేదు. పండించువానికై పుట్టిన రక్షణ పండించువాని ఖర్చుపద్దులోనికి చేరుట అన్ని దేశములలోను జరుగు ముచ్చటయే.

1964 జనవరిలో వెలువడిన సర్జన్ జనరల్ నివేదిక సిగరెట్టునకును క్యాన్సరునకును గల సంబంధమును ప్రకటించిన తరువాత, ప్రజల సొమ్ముతో విషమును పోషింపనేల యను ఆక్షేపణ బలపడెను. 1982 చట్టము ఈ పథకపు నష్టమును ఖజానాపై వేయక రైతులనుండియే పౌండు కింత రుసుముగా రాబట్టుటకు ఏర్పాటు చేసెను. ఆ విధముగా సబ్సిడీ పేరు మిగిలి సబ్సిడీ మాయమయ్యెను. మద్దతు ధర ఎత్తుగా నుండుటచే బ్రెజిలు, జింబాబ్వే, మలావి ఆకు చవుకై కంపెనీల గోదాములలో చేరినది. 1998 నవంబరులో 46 రాష్ట్రములతో కంపెనీలు చేసికొన్న ఒడంబడిక ప్రకారము 25 ఏండ్లలో 20,600 కోట్ల డాలర్లు చెల్లింపవలసివచ్చి, సిగరెట్టు ధర హెచ్చి, వినియోగము తగ్గెను. కోటాలు నాలుగైదేండ్లలో దాదాపు సగమునకు పడిపోయెను. 2001 ప్రాంతమునుండి పెద్ద కంపెనీలు వేలమును విడిచి రైతులతో నేరుగా ఒప్పందములు చేసికొనసాగినవి. వేలపు పాట వినవచ్చిన గోదాములు ఒక్కొక్కటిగా ఖాళీయైనవి.

2004 అక్టోబరు 22న అధ్యక్షుడు జార్జి బుష్ సంతకము చేసిన పెద్ద పన్నుల చట్టములో ఒక భాగముగా కోటాల పథకము ముగిసెను. లెక్క సులభము: కోటా స్వామికి పౌండునకు 7 డాలర్లు, పథకపు చివరి మూడేండ్లలో నిజముగా పండించినవానికి పౌండునకు 3 డాలర్లు, పది సమాన వార్షిక వాయిదాలలో. తానే స్వామియై తానే పండించినవానికి రెండును దక్కినవి. మొత్తము సుమారు వేయి కోట్ల డాలర్లు. ఆ భారము సిగరెట్టు తయారీదారులపై, దిగుమతిదారులపై వేసిరి గాని ఖజానాపై వేయలేదు. కోటా స్వాములు నాలుగు లక్షలకు పైబడియుండిరి. పండించు కమతములు 2002 లెక్కలలో 57,000 మాత్రమే. ఈ రెండు సంఖ్యలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచిన, పథకము తన చివరి దశలో ఎవరికై నడచినదో తెలియును. అర ఎకరపు మడికి రమారమి వేయి పౌండ్ల కోటా గల కొండప్రాంతపు కుటుంబమునకు వచ్చినది ఏడాదికి 700 డాలర్లు. వేల పౌండ్లు కూడబెట్టిన వారికి ట్రాక్టరు బాకీలు తీరునంత. దినకూలికి ఏమియు రాలేదు, అతని పేరు ఏ పట్టికలోను లేదు. తక్షణమే సొమ్ము కావలసినవారు పదేండ్ల వాయిదాలను బ్యాంకులకు తగ్గింపు ధరకు అమ్ముకొనిరి.

మొదటి యేడు పంట కూలినట్లే కూలెను. 2004లో 88 కోట్ల పౌండ్లు ఉన్న ఉత్పత్తి 2005లో 65 కోట్లకు దిగినది. బర్లీ ధర రెండు డాలర్ల నుండి డాలరున్నరకు తగ్గెను. కాని ఆశ్చర్యము, రెండేండ్లు గడచిన పిదప 2007లో పంట మరల 78 కోట్లు దాటెను. కౌలు భారము తొలగుటచే తక్కువ ధరకును గిట్టుబాటైనది. పండించువారు మాత్రము తిరిగి రాలేదు. కమతములు 2007కు 16,000, 2012కు 10,000, 2022కు దాదాపు 3,000. కెంటకీలో 29,000కు పైగా నున్నవి అయిదేండ్లలో 8,000 అయినవి. కౌంటీ హద్దు చెరిగినందున బర్లీ పెన్సిల్వేనియాకు వలసపోయి, గుఱ్ఱములతో దున్ను ఆమిష్ కుటుంబముల చేతిలో చిగిర్చినది. తూర్పు కరోలినా చదునునేలలో యంత్రము తిరుగుటకు వీలైన వందల ఎకరముల కమతములు మిగిలినవి. పథకము పోయినచో పొగాకు తగ్గునని తలచిన ఆరోగ్యవాదుల లెక్కయు, పథకము పోయినచో పొగాకు చచ్చునని తలచిన రైతుల లెక్కయు రెండును తప్పినవి. పోయినది చిన్నరైతు.

చేలలో మిగిలిన చేతిపనికి మెక్సికోనుండి తాత్కాలిక అనుమతిపై వచ్చు కూలీలు కుదిరిరి. తడి ఆకులోని నికోటిను చర్మము ద్వారా ఎక్కి తలతిప్పు, వాంతులు కలిగించు ఆకుపచ్చ పొగాకు జబ్బు వారికి సుపరిచితము. కోటాల రద్దు చట్టము వచ్చుటకు నెలదినముల ముందు, 2004 సెప్టెంబరులోనే, ఉత్తర కరోలినా సాగుదారుల సంఘముతో వ్యవసాయ కార్మిక సంఘమొకటి వేలాది అట్టి కూలీల తరఫున ఒప్పందము కుదుర్చుకొనుట నాకు కోటాల చట్టమంత ముఖ్యమైన ఘటనగానే తోచును. చరిత్రకారులు దానికి ఇచ్చిన చోటు అత్యల్పము.

కెంటకీ రాష్ట్రము కంపెనీల నుండి వచ్చు ఒడంబడిక సొమ్ములో సగమును వ్యవసాయ వైవిధ్యమునకు కేటాయించి, పశువుల పోషణను, కూరగాయలను, చిన్న పరిశ్రమలను ప్రోత్సహించెను, కొంత ఫలించెను. పొగాకు బ్యారనులలో గంజాయిజాతి మొక్కయగు హెంపును ఆరబెట్టి లక్షాధికారులగుదుమన్న ఉత్సాహము 2019లో వెల్లివిరిసి, వెంటనే అడుగంటెను. ఉత్తర కరోలినాకు చిలగడదుంప ఆదుకొన్నది. దేశములో అధికభాగము అచ్చటనే పండుచున్నది. రాలీ చుట్టునున్న వేక్ కౌంటీ ఒకప్పుడు పొగాకు నేలయే. నేడు కేరీ, మారిస్‌విల్ పట్టణములలో వేలాది తెలుగు కుటుంబములు ఇండ్లు కట్టుకొని, అచ్చటి వేంకటేశ్వరాలయమునకు పోవుచు, పరిశోధనా కేంద్రములలో ఉద్యోగములు చేయుచున్నవి. డర్హమ్‌లోని అమెరికన్ టొబాకో కంపెనీ వారి ఇటుక కార్ఖానాలు 2004లోనే కార్యాలయములుగా, ఫలహారశాలలుగా మారి తెరచుకొన్నవి. భూమి ధర హెచ్చిన చోట రైతు సుఖముగా వైదొలగెను; తూర్పున, కొండలలో, ధర హెచ్చని చోట ఊళ్లు పలుచబడినవి.

లెగ్జింగ్టన్‌లోని బర్లీ రైతుల సహకార సంఘము పథకము పోయినను కొంతకాలము నిలిచి, పాత సరుకు అమ్మగా మిగిలిన కోట్ల డాలర్ల నిధిని చేతబట్టుకొనియుండెను. ఆ నిధి ఎవరిదను వ్యాజ్యము తుదకు న్యాయస్థానమెక్కినది. 1921లో కంపెనీల బారినుండి రైతులను కాపాడుటకై పుట్టిన ఆ సంఘము సరిగా నూరేండ్లకు, 2021లో, న్యాయస్థానపు పరిష్కారము మేరకు రద్దయి, తన సొమ్మును సభ్యులకు పంచిపెట్టెను.